విశ్వాసమా, నమ్మకమా, నమ్మకత్వమా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలు చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి: విశ్వాసము. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. కింద ‘మన బైబిలు’ అన్నచోటల్లా బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత తెలుగు అనువాదం అని అర్థం. గ్రీకు, హెబ్రీ మాటలను తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాం.

ప్రశ్న: సండే స్కూల్లో ఆత్మ ఫలం పాఠం చెబుతున్నాను. గలతీ 5:22లో మనకు ‘విశ్వాసము’ అని ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లల బైబిళ్లలో ‘ఫెయిత్‌ఫుల్‌నెస్’ అని ఉంది. “విశ్వాసం ఉంటేనే కదా ఆత్మను పొందేది, మళ్లీ అదే ఫలం ఎలా అవుతుంది?” అని ఒక పిల్లవాడు అడిగాడు. ఏమని చెప్పాలి? – ఉపాధ్యాయిని, నరసాపురం

జవాబు: ఆ పిల్లవాడు పట్టుకోవలసిన చోటే పట్టుకున్నాడమ్మా. అక్కడ పౌలు రాసిన గ్రీకు మాట ‘పిస్తిస్’. ఒకరిని నమ్మడం దాని అర్థాల్లో ఒకటి. మనల్ని నమ్మినవారి దగ్గర మాట తప్పకుండా నిలబడడం ఇంకొకటి. గ్రీకు మాట్లాడేవారికి రెండూ ఒకే మాటలో ఇమిడేవి, ఏది ఉద్దేశించారో సందర్భమే చెప్పేది. ఇక్కడి సందర్భం చూడండి: ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, తర్వాత పిస్తిస్, ఆపైన సాత్వికం, ఆశానిగ్రహం. తొమ్మిదీ మనిషి నడవడిలో బయటపడే గుణాలే. కాబట్టి ఇక్కడ రెండో అర్థమే సరిగ్గా అతుకుతుంది. ఇంగ్లీషులోనూ 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం ‘ఫెయిత్’ అనే రాసింది. 1881 సవరణలో అది ‘ఫెయిత్‌ఫుల్‌నెస్’ అయింది.

అలాగని మన బైబిలు తప్పు రాసిందని పిల్లలకు చెప్పకండి. ఇంట్లో మాట్లాడే తెలుగులో ‘విశ్వాసం’ అంటే ఏమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ‘కుక్కకున్న విశ్వాసం మనిషికి లేకపోయె’ అంటాం. కుక్క ఏ సిద్ధాంతాన్నీ ఒప్పుకోలేదు, అన్నం పెట్టిన చెయ్యిని విడవలేదు, అంతే. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అంటాం, ‘విశ్వాసఘాతకుడు’ అంటాం. ఇవన్నీ పిస్తిస్‌కున్న రెండో అర్థమే. ‘నమ్మినబంటు’ అనే మాట ఇంకా చక్కనిది. బంటు యజమానిని నమ్మాడా, యజమాని బంటును నమ్మాడా అని ఎవరూ విడదీసి అడగరు, రెండూ అందులోనే ఉన్నాయి. గ్రీకు మాటకు ఉన్న వెడల్పు తెలుగు మాటకు పుట్టుకతోనే ఉంది. ప్రసంగాల్లో ఒక్క అర్థంలోనే పదేపదే వాడీ వాడీ మన చెవికి రెండో అర్థం వినబడకుండా పోయింది. అనువాదకులది కాదు, ఆ లోపం మన అలవాటుది.

మన అనువాదకులకు ఈ వెడల్పు తెలుసు. తీతు 2:10లో దాసులు చూపవలసిన పిస్తిస్‌ను ‘మంచి నమ్మకము’ అన్నారు. రోమా 3:3లో దేవుని పిస్తిస్‌ను ‘నమ్మతగినవాడు’ అనే మాటతో చెప్పారు. అపొస్తలుల కార్యములు 17:31లో ‘ఆధారము’, యూదా 3లో ఏకంగా ‘బోధ’. గలతీ 5:22లోనూ, న్యాయం, కనికరం పక్కన వచ్చే మత్తయి 23:23లోనూ మాత్రం ‘విశ్వాసము’ అనే ఉంచారు. ఈ రెండు చోట్లా పిల్లలు తడబడడం సహజం.

తరగతిలో ఇలా చేసి చూడండి. ముందు మత్తయి 25:21 చదివించండి: ‘నమ్మకమైన మంచి దాసుడా’. అక్కడి ‘నమ్మకమైన’ అన్నది ‘పిస్తోస్’, పిస్తిస్‌కు తోబుట్టువు లాంటి మాట. ఆ దాసుడు ఏమి చేశాడో పిల్లలచేతే చెప్పించండి. యజమాని ఊళ్లో లేకపోయినా అప్పగించిన పని చేశాడని వాళ్లే అంటారు. అప్పుడు గలతీ 5:22కు వచ్చి, ఏడో ఫలం ఇదేనని చెప్పండి. కంఠత వాక్యం మార్చక్కర్లేదు, అర్థం చెప్పేటప్పుడు ‘నమ్మకత్వం’ అంటే చాలు.

ప్రశ్న: ‘నమ్మకం తలలో ఉంటుంది, విశ్వాసం గుండెలో ఉంటుంది, దయ్యాలకు నమ్మకమే ఉంది, విశ్వాసం లేదు’ అని కూటాల్లో తరచూ వింటున్నాం. బైబిల్లో ఈ తేడా నిజంగా ఉందా? – కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ తేడా తెలుగులో పుట్టింది, గ్రీకులో లేదు. గ్రీకులో ‘పిస్తిస్’ నామవాచకం, ‘పిస్తెవో’ దాని క్రియ; ధాతువు ఒక్కటే. తెలుగులోకి వచ్చేసరికి నామవాచకానికి సంస్కృతం నుంచి ‘విశ్వాసము’ తీసుకున్నాం, క్రియకు చాలాచోట్ల మన సొంత మాట ‘నమ్ము’ వాడుకున్నాం. చదివేవాడికి అవి రెండు వేర్వేరు వస్తువుల్లా కనబడతాయి. ఆ ఖాళీలోనే ఈ ప్రసంగం పుట్టింది.

పరీక్షించడం తేలిక. రోమా 4:3లో ‘అబ్రాహాము దేవుని నమ్మెను’ అని ఉంది. రెండు వచనాల తర్వాత 4:5లో ‘వాని విశ్వాసము నీతిగా ఎంచబడుచున్నది’ అని ఉంది. పౌలు ఒకే సంగతిని ఒకే ధాతువుతో చెబుతున్నాడు. నమ్మకం తలలోదే అయితే విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాముదే తక్కువ రకం అనుకోవాలి. యాకోబు 2:19లో ‘దయ్యములును నమ్మి వణకుచున్నవి’ అన్నచోట ఉన్నదీ అదే క్రియ. యాకోబు దయ్యాలనూ అబ్రాహామునూ వేరుచేసింది మాటతో కాదు, చేతలతో. దయ్యాలు ‘దేవుడొక్కడే’ అని నమ్ముతాయి, అక్కడితో ఆగిపోతాయి.

అయితే గమనించదగ్గ తేడా ఒకటి ఉంది. క్రియ వెనుక ఏమి వచ్చిందన్నది చూడాలి. ‘ఫలానా సంగతి నిజమని నమ్ము’ అన్నది ఒక తీరు. ‘ఒకని మాట నమ్ము’ ఇంకొక తీరు. యోహాను ఎక్కువగా వాడేది మూడోది: ‘ఒకనిలోనికి నమ్ము’ అన్నట్టు ఉంటుంది దాని కూర్పు. మన బైబిలు యోహాను 3:16లో దానిని ‘విశ్వాసముంచు’ అన్నది. వాడుకలో దీనికి దగ్గరి మాట ‘నమ్ముకొను’ అని మా అభిప్రాయం. ‘రైతు భూమిని నమ్మాడు’ అంటే ఏదో వెలితిగా ఉంటుంది, ‘భూమిని నమ్ముకున్నాడు’ అంటే బతుకంతా దాని మీద పెట్టాడని తెలుస్తుంది. యోహాను సువార్తలో ‘పిస్తెవో’ 98 సార్లు వస్తుంది, ‘పిస్తిస్’ అనే నామవాచకం ఒక్కసారి కూడా రాదు. విశ్వాసాన్ని దగ్గర ఉంచుకునే వస్తువులా కాక, చేసే పనిలా చూపించాడు యోహాను.

ఈ మూడో కూర్పు కూడా పూచీపత్రం కాదు సుమా. యోహాను 2:23లో అనేకులు ఆయన నామమందు విశ్వాసముంచారు. వెంటనే 2:24లో యేసు ‘తన్ను వారి వశము చేసికొనలేదు’ అని ఉంది. గ్రీకులో అక్కడా పిస్తెవోయే: వారు ఆయనను నమ్మారు, ఆయన మాత్రం తన్ను వారికి నమ్మి అప్పగించుకోలేదు. తెలుగులో రెండు వేరు మాటలు పడడం వల్ల ఈ ఎదురుబొదురు మనకు కనబడదు.

ప్రశ్న: మా అమ్మకు జబ్బు. ప్రార్థనకు వచ్చినవారు ‘నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను’ అనే వాక్యం చూపి, తగ్గలేదంటే విశ్వాసం చాలలేదని అంటున్నారు. ఆమె కుమిలిపోతోంది. ఆ వాక్యానికి అర్థం అదేనా? – ఖమ్మం నుంచి ఒక కుమార్తె

జవాబు: కాదమ్మా. ముందు ఈ మాట మీ అమ్మగారికి చెప్పండి, వివరం తర్వాత చదివి వినిపించండి.

యేసు పలికిన ఆ వాక్యం సువార్తల్లో పలుచోట్ల ఉంది. అందులోని గ్రీకు క్రియ ‘సోజో’. దానికి రక్షించడం అనీ, బాగుచేయడం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. లూకా 7:50లో, పాపాత్మురాలైన స్త్రీతో అన్నప్పుడు, మన బైబిలు ‘నీ విశ్వాసము నిన్ను రక్షించెను’ అన్నది. రక్తస్రావం గల స్త్రీతో అన్నప్పుడు, మార్కు 5:34లోనూ లూకా 8:48లోనూ, ‘స్వస్థపరచెను’ అన్నది. మూలంలో వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. జబ్బున్నచోట ఒక క్రియ, పాపమున్నచోట మరో క్రియ ఎంచుకోవడం అనువాదకుల నిర్ణయం. తెలుగు సాఫీగా నడవడానికి అది అవసరమే. కానీ దానివల్ల విశ్వాసం అంటే వైద్యం జరిపించే శక్తి అనీ, దానికి మోతాదు ఉంటుందనీ ఒక భావం జనంలో పాతుకుపోయింది.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగుల సంగతి చూడండి. పదిమందీ శుద్ధులయ్యారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు. ‘నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను’ అని 17:19లో యేసు అన్నది అతనితోనే. అతని జబ్బు అప్పటికే తగ్గింది, మిగతా తొమ్మిదిమందికీ తగ్గింది. అంటే అతనికి అదనంగా దక్కింది వేరే ఏదో ఉంది. గ్రీకులో 14వ, 15వ, 19వ వచనాల్లో మూడు వేర్వేరు క్రియలున్నాయి. తెలుగులో చివరి రెండూ ‘స్వస్థత’లో కలిసిపోయాయి. 19వ వచనంలో ‘రక్షించెను’ అని చదివి చూడండి, కథ మరోలా తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి. పిల్లవాడికి నయం కానప్పుడు మత్తయి 17:20లో ‘అల్పవిశ్వాసము’ అని యేసు తప్పుపట్టింది ప్రార్థించినవాళ్లను, అంటే శిష్యులను. పిల్లవాణ్ణి గానీ తండ్రిని గానీ కాదు. మార్కు 2:5లో పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చిన ‘వారి విశ్వాసము చూచి’ అని ఉంది. యాకోబు 5:15లోని విశ్వాససహితమైన ప్రార్థన సంఘ పెద్దలది. అక్కడ ‘స్వస్థపరచును’ అన్నదీ సోజోయే. తన సహచరుడు త్రోఫిము రోగియై ఉండగా అతనిని మిలేతులో విడిచి వచ్చానని పౌలు 2 తిమోతి 4:20లో రాశాడు, విశ్వాసం తక్కువని ఒక్క మాట అనలేదు.

మందులు, డాక్టరు చెప్పిన పరీక్షలు ఒక్క పూట కూడా ఆపకండి. మందు మానడం విశ్వాసానికి గుర్తు అని ఈ వచనాల్లో ఒక్కటి కూడా చెప్పడం లేదు.

ప్రశ్న: నేను కతోలికుణ్ణి. ప్రొటెస్టంటు మిత్రులు రోమా 3:28లో ‘విశ్వాసమువలననే’ అని చూపించి, ‘కేవలం విశ్వాసం’ అని బైబిలే చెబుతోందంటారు. గ్రీకులో ‘కేవలం’ ఉందా? – ఫిరంగిపురం

జవాబు: లేదు. గ్రీకులో ఆ చోట ఉన్నది ‘పిస్తెయ్’ అనే ఒక్క మాట, ‘విశ్వాసముచేత’ అని దాని అర్థం. మార్టిన్ లూథర్ 1522లో జర్మన్ కొత్త నిబంధనలో ‘అల్లైన్’, అంటే ‘కేవలం’, చేర్చాడు. దాని మీద గొడవ లేస్తే 1530లో బహిరంగ లేఖ రాసి సమర్థించుకున్నాడు. ఆయన వాదన భాష గురించి: ఒకటి అవునని, మరొకటి కాదని చెప్పేటప్పుడు జర్మన్లు ఆ మాట వేస్తారు, ‘రైతు కేవలం ధాన్యం తెచ్చాడు, డబ్బు తేలేదు’ అన్నట్టుగా. తెలుగులో మనకు వేరే మాట కూడా అక్కర్లేదు, చివర ‘ఏ’ చేరిస్తే సరి: ‘ధాన్యమే తెచ్చాడు, డబ్బు తేలేదు’. ‘వలననే’లోని ఆ ‘ఏ’ చేసిన పని అదే. వచనంలో ‘ధర్మశాస్త్ర క్రియలు లేకుండ’ అని ఉంది కనుక, తెలుగులో ‘ఏ’ లేకపోతే వాక్యం కుంటుతుంది. భాష అడిగింది, అనువాదకులు ఇచ్చారు.

కానీ ఆ ‘ఏ’ మీద సిద్ధాంతమంతా నిలబెట్టకూడదు. అది తోసిపుచ్చుతున్నది పక్కనే పేరు పెట్టి చెప్పిన ధర్మశాస్త్ర క్రియలను. ప్రేమనూ విధేయతనూ అది తోసెయ్యడం లేదు. ‘విశ్వాసం మాత్రమే’ అనే కూర్పు కొత్త నిబంధన గ్రీకులో ఉన్నది ఒక్కచోటే, యాకోబు 2:24లో. అక్కడ దాని ముందు ‘కాదు’ ఉంది.

ఇదే వచనంలో ‘నీతిమంతులుగా తీర్చబడు’ అనే మాట ఇంకా లోతైనది. గ్రీకు ‘దికయోవో’కు న్యాయస్థానపు వాసన ఉంది: నిర్దోషి అని తీర్పు ఇవ్వడం. లాటిన్‌లో ‘యుస్తిఫికారే’ అనేసరికి, మాట నిర్మాణాన్ని బట్టి ‘నీతిమంతుడిగా చేయడం’ అని వినబడింది. ప్రకటించడమా, మార్చడమా అన్న తగాదాకు ఇది ఒక వేరు. 1547లో కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ దీని మీదే సుదీర్ఘమైన శాసనం చేసింది. చివరికి 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం దీని మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. తెలుగు అనువాదకులు ఎంచుకున్న ‘తీర్చు’ చూడండి: తీర్పు తీర్చడమూ అదే, ముగ్గు తీర్చడమూ అదే, తీర్చిదిద్దడమూ అదే. ఐరోపాలో రెండు పక్షాలు చెరొక చివర పట్టుకున్న అర్థాలు ఈ ఒక్క మాటలో పక్కపక్కన కూర్చున్నాయి. ఈ మాటను మీరూ మీ మిత్రులూ కలిసి చదవడం మంచిది.

ప్రశ్న: పాత నిబంధనలో ‘విశ్వాసము’ చాలా అరుదుగా కనబడుతుంది. హబక్కూకు 2:4లో ఉంది, అంతే గుర్తు. అప్పటివారికి విశ్వాసం లేదా? – సికింద్రాబాదు

జవాబు: ఉంది, వేరే మాటల చాటున ఉంది. హెబ్రీ ‘ఎమూనా’కు మొదటి అర్థం స్థిరత్వం. అది మొదట కనబడేది నిర్గమ 17:12లో, మోషే చేతులు సూర్యాస్తమయం దాకా ‘నిలుకడగా ఉండెను’ అన్నచోట. అక్కడ సిద్ధాంతం లేదు, ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టుకుంటే వాలిపోకుండా నిలిచిన రెండు చేతులు ఉన్నాయి. ద్వితీయోపదేశ 32:4లో అదే మాట ‘నమ్ముకొనదగిన దేవుడు’ అయింది. విలాప వాక్యములు 3:23లో ‘నమ్మదగినవాడవు’ అయింది. మనం ప్రార్థన చివర అనే ‘ఆమేన్’ కూడా ఈ ధాతువు బిడ్డే.

హబక్కూకు 2:4లో మాత్రం ‘విశ్వాసమూలముగా’ అని రావడం పౌలు ఆ వచనాన్ని ఎత్తి రాసినదానితో సరిపోతుంది. ఆ చిన్న వాక్యం చేసిన ప్రయాణం చూడండి. హెబ్రీలో ‘నీతిమంతుడు తన ఎమూనా వలన బ్రతుకును’: తన నిలకడ వల్ల. యేసుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదం, సెప్టువజింటు, దానిని ‘నా పిస్తిస్ వలన’ అన్నది: దేవుని నమ్మకత్వం వల్ల. పౌలు రోమా 1:17లో, గలతీ 3:11లో ‘తన’నూ తీసేశాడు, ‘నా’నూ తీసేశాడు. హెబ్రీ 10:38లో ‘నా’ తిరిగి వచ్చింది, కానీ నీతిమంతుడి పక్కకు జరిగింది. మన బైబిల్లో అది ‘నాయెదుట నీతిమంతుడైనవాడు’. ఒక్క సర్వనామం కదిలితే, బ్రతికించేది మనిషి నిలకడా, దేవుని నమ్మకత్వమా, మనిషి నమ్మికా అన్నదే మారిపోయింది. పౌలు సర్వనామాన్ని వదిలేయడం వల్ల మూడూ పలికే చోటు మిగిలింది.

యెషయా 7:9లో ఇంకో నష్టం జరిగింది. హెబ్రీలో ఎమూనాకు మూలమైన ‘ఆమన్’ (నమ్మడం, స్థిరపడడం రెండూ దాని అర్థాలే) అనే ఒకే ధాతువుతో ఆట ఉంది: మీరు ‘ఆమన్’ చేయకపోతే ‘ఆమన్’ కారు. మన బైబిలు ‘నమ్మకుండినయెడల స్థిరపడకుందురు’ అని అర్థాన్ని కాపాడింది. సెప్టువజింటు ‘మీరు గ్రహింపరు’ అన్నది. అదే లాటిన్‌లోకి వెళ్లింది, లాటిన్ సంఘపు వేదాంతి అగస్టీను దానిని పట్టుకున్నాడు, ‘నమ్మితేనే అర్థమవుతుంది’ అనేది పాశ్చాత్య వేదాంతానికి మూలసూత్రాల్లో ఒకటైంది. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము హెబ్రీ చూసి ‘నిలువరు’ అని దిద్దినా, ఆ సూత్రం చెక్కుచెదరలేదు. యుద్ధభయంతో వణుకుతున్న ఆహాజు రాజుకు ‘కాలు నిలదొక్కుకో’ అని చెప్పిన మాట, తర్వాతి వారికి జ్ఞానమార్గం గురించిన మాటగా చేరింది.

ప్రశ్న: గలతీ 2:16లో ‘యేసుక్రీస్తునందలి విశ్వాసము’ను ‘యేసుక్రీస్తు నమ్మకత్వం’ అని చదవాలని మా సెమినరీలో చర్చ జరిగింది. మార్కు 11:22ను ‘దేవుని విశ్వాసం కలిగి ఉండండి’ అని చదివి, దేవుడికున్న లాంటి విశ్వాసం మనకూ ఉంటే మాటతో ఏదైనా సృష్టించవచ్చనే బోధ కూడా వింటున్నాం. రెండూ ఒకటేనా? – వేదాంత విద్యార్థి

జవాబు: వ్యాకరణం ఒకటే, బలం ఒకటి కాదు. రెండు చోట్లా గ్రీకులో షష్ఠీ విభక్తి ఉంది: ‘యేసుక్రీస్తు పిస్తిస్’, ‘దేవుని పిస్తిస్’. తెలుగులోనూ షష్ఠి ఇలాగే రెండు దిక్కులకు తిరుగుతుంది. ‘పులి ఆకలి’ పులిది, ‘పులి భయం’ మనది. మన అనువాదకులు ‘అందలి’ చేర్చి దిక్కు ఖాయం చేశారు. చేర్చకుండా ‘యేసుక్రీస్తు విశ్వాసము’ అని వదిలేసి ఉంటే, తెలుగు పాఠకుడికి కూడా గ్రీకు పాఠకుడికున్న ప్రశ్నే ఎదురయ్యేది.

క్రీస్తు నమ్మకత్వం అన్నవారికి మంచి ఆధారాలున్నాయి. రోమా 3:3లో ‘దేవుని పిస్తిస్’ అంటే దేవుని నమ్మకత్వం. 4:16లో ‘అబ్రాహాము పిస్తిస్’ అంటే అబ్రాహాముకున్న విశ్వాసం. మధ్యలో 3:22లో ‘యేసుక్రీస్తు పిస్తిస్’ మాత్రం క్రీస్తు మీద మనకున్న విశ్వాసం కావడం వింత. పైగా అదే వచనంలో ‘నమ్మువారందరికి’ అని మళ్లీ ఉంది. మన నమ్మకాన్నే రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ఎదుటివారి జవాబు: గలతీ 2:16లోనే ‘మేము యేసుక్రీస్తునందు విశ్వాసముంచితిమి’ అనే అర్థంలో క్రియ కూడా ఉంది, నామవాచకాన్ని దానితో కలిపి చదవడమే సహజం. 1983లో బైబిలు పండితుడు రిచర్డ్ హేస్ పరిశోధన వచ్చాక ఈ వాదం బాగా ముదిరింది, ఇంకా తేలలేదు. మా మొగ్గు రోమా 3:22లో క్రీస్తు నమ్మకత్వం వైపే. అయినా అచ్చులో ఒక అర్థాన్ని పైన, రెండోదాన్ని అడుగున గమనికగా ఇవ్వడమే న్యాయం.

మార్కు 11:22 సంగతి వేరు. ఆ తర్వాతి వచనాలు దేవుణ్ణి అడగడం గురించి, ప్రార్థన గురించి. అడిగేవాడు ఎవరినో ఆశ్రయిస్తాడు. దేవుడు ఎవరిని ఆశ్రయించి విశ్వాసముంచుతాడు? ‘దేవునియందు విశ్వాసముంచుడి’ అన్న మన బైబిలే సరి. షష్ఠి కనబడగానే నచ్చిన దిక్కుకు తిప్పుకోవడం వ్యాకరణం కాదు.

ప్రశ్న: ఎఫెసీ 2:8లో ‘ఇది మీవలన కలిగినది కాదు’ అన్నప్పుడు ‘ఇది’ అంటే విశ్వాసమా, కృపా? – తెనాలి

జవాబు: తెలుగు ‘ఇది’ దేనికైనా వర్తిస్తుంది కనుక తెలుగులో తేలదు. గ్రీకులో విశ్వాసం, కృప రెండూ స్త్రీలింగం, ‘ఇది’ నపుంసకం. కాబట్టి ఏ ఒక్కదానినో కాక, కృపచేత విశ్వాసం ద్వారా రక్షింపబడడమనే మొత్తం సంగతిని అది చూపిస్తోంది.

ప్రశ్న: హెబ్రీ 11:1లోని ‘నిజస్వరూపము’ పిల్లలకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. – రాజమహేంద్రవరం

జవాబు: అక్కడి గ్రీకు మాట ‘హుపోస్తసిస్’, ‘కింద నిలిచి ఆనినది’ అని దాని నిర్మాణం. హెబ్రీ పత్రికలోనే అది మూడుసార్లు వస్తుంది, మన బైబిలు మూడు రకాలుగా చెప్పింది: 1:3లో ‘తత్వము’, 3:14లో ‘దృఢవిశ్వాసము’, 11:1లో ‘నిజస్వరూపము’. లూథర్ 11:1ని మనసులోని నిశ్చయంగా అనువదించాడు, కింగ్ జేమ్స్ వస్తుతత్వంగా. తెలుగు రెండో దారి పట్టింది. పిల్లలకైతే ఇంటి పునాది చూపండి: కనబడదు, గోడలన్నీ దాని మీదే ఆని ఉంటాయి. పక్కనున్న ‘నిరీక్షింపబడువాటి’ అన్నదాన్ని ‘ఆశ’గా మార్చకండి. తెలుగులో ఆశకు అత్యాశ నీడ ఉంది, నిరీక్షణకు ఎదురుచూపు ఉంది.

ప్రశ్న: మాకు గ్రీకు రాదు. ఫోన్లో స్ట్రాంగ్ సంఖ్యలున్న బైబిలు ఉంది. దానితో మేమే ఇలా చూసుకోవచ్చా? – టెక్సస్‌లోని ఒక తెలుగు సంఘం నుంచి

జవాబు: తప్పకుండా. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పదసూచికలో ఒక్కొక్క గ్రీకు, హెబ్రీ మాటకు ఇచ్చిన సంఖ్యలవి. ఈ శీర్షికకు కావలసినవి కొన్నే: గ్రీకులో పిస్తెవో 4100, పిస్తిస్ 4102, పిస్తోస్ 4103, సోజో 4982, హుపోస్తసిస్ 5287, హెబ్రీలో ఎమూనా 530, ఆమన్ 539.

ఒక వచనానికి గంట కేటాయించండి. ముందు తెలుగులో అధ్యాయమంతా చదవండి. తర్వాత ఆ మాట సంఖ్య చూసి, అదే సంఖ్య అదే పత్రికలో ఇంకెక్కడెక్కడ ఉందో కాగితం మీద రాసుకోండి. వేరే రచయితల దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి. ప్రతి చోటా మన బైబిలు ఏ తెలుగు మాట వాడిందో ఎదురుగా రాయండి. మాట మారినచోట ఆగి, సందర్భం ఎందుకు మార్పించిందో అడగండి. నిఘంటువు చివర తెరవండి.

పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఇక్కడే. నిఘంటువు ముందే తెరిస్తే, అందులోని ఆరేడు అర్థాల్లో ప్రసంగానికి నచ్చినది ఏరుకుంటాం, లేదా అన్నింటినీ కలిపి ఒకే వచనంలో కుక్కుతాం. ఏ చోటైనా మాట సాధారణంగా ఒక్క అర్థంతోనే నిలుస్తుంది. రెండోది, సంఖ్య మాటను చూపుతుంది గానీ దాని రూపాన్ని చూపదు. షష్ఠి, ఏకవచనం, ఆజ్ఞార్థకం ఏవీ అందులో ఉండవు. పైన చెప్పిన ‘యేసుక్రీస్తు పిస్తిస్’ ప్రశ్న సంఖ్యల్లో కనబడనే కనబడదు. మూడోది, ఆ సంఖ్యలు కింగ్ జేమ్స్ ఆధారంగా కట్టినవి. మన బైబిలు కొన్నిచోట్ల అంతకంటే పాత ప్రతులను అనుసరించింది. మత్తయి 17:20 దగ్గర కింగ్ జేమ్స్‌లో ‘అవిశ్వాసము’ అనే అర్థమిచ్చే మాట ఉంటుంది, మనకు ‘అల్పవిశ్వాసము’.

రోమా 5:1తో మొదలుపెట్టండి. విశ్వాసమూలమున నీతిమంతులముగా తీర్చబడి, దేవునితో సమాధానము ‘కలిగియుందము’ అని మన బైబిలు. చాలా ఇంగ్లీషు బైబిళ్లలో ‘కలిగియున్నాము’ అనే అర్థం ఉంటుంది. గ్రీకు ప్రతుల్లో తేడా ఒక్క అక్షరం, హ్రస్వ ‘ఒ’నా దీర్ఘ ‘ఓ’నా అన్నది: ‘ఎఖొమెన్’ అయితే ఉన్నాము, ‘ఎఖోమెన్’ అయితే ఉందము. చెప్పి రాయిస్తున్నప్పుడు చెవికి దాదాపు ఒకేలా వినిపించే తేడా అది. మీ ఫోన్లో మాత్రం రెండింటికీ ఒకే సంఖ్య కనబడుతుంది: 2192.